గోడలోకి దిగిన కెమెరా

ఆగస్టు రెండో శనివారం, బడికి సెలవు. వంటింటి గుమ్మం పక్కన తెల్లటి సున్నం పెచ్చులు రాలి ఉంటే ఊడ్చి చెత్తబుట్టలో వేశాను. తరువాత తల ఎత్తి చూస్తే గోడ మీది రాతల్లో ఒక వరుస లేదు.

బుట్ట బోర్లించి వెతికాను. సున్నం పెళ్ళ ఒకటి దొరికింది. దాని మీద పెన్సిలు రాతలో ‘సెకం’ అన్నంతవరకే ఉంది. మిగతాదంతా పొడి.

ఆ వరుసలు రాసింది మా ఆయన సదానందం. గనిలో పంపు ఫిట్టరుగా చేసేవారు. వారం మారగానే ఆ వారం తన షిఫ్టు ఏదో గుమ్మం పక్కన రాసేవారు. ఎప్పుడు అన్నం వండాలో, ఎప్పుడు ఇంట్లో చప్పుడు చేయకూడదో మాకు ఆ రాతే చెప్పేది. మా వీధిలో చాలామంది ఇలాగే రాసుకుంటారు. దసరాకు సున్నం వేస్తే పాత ఏడాది రాతలు పోతాయి, కొత్తవి మొదలవుతాయి.

ఆయన పోయి పదకొండు నెలలు. కిందటి దసరాకు మేము సున్నం వేయలేదు. చివరి వరుసలో ‘నైటు’ అని ఉంది. చేసిన డ్యూటీకి ఒకటి చొప్పున దాని పక్కన నాలుగు గీతలున్నాయి. ఐదోది లేదు.

రాలిపోయిన వరుసలో షిఫ్టు పేరుతో పాటు నాకొక మాట కూడా ఉండేది. ‘సెకండు. నా కోసం చూడకు, తిని పడుకో.’ అన్ని వరుసల్లోకీ అలా రాసింది అదొక్కటే.

తప్పు నాదే. జూన్‌లోనే అక్కడ సన్నని పగులు కనిపించింది. ఇక్కడ ఏ గోడ పగిలినా ఓపెన్‌కాస్టు గని బ్లాస్టింగు వల్లనే అనుకోవడం మాకు అలవాటు. మధ్యాహ్నం నేల అదిరితే అలమరలో గిన్నెలు లోపలికి జరుపుతాం, పగులు కనిపిస్తే లప్పం పెడతాం. మా అత్తమ్మ సారవ్వ కూడా బాంబులకే పగిలిందన్నది. నేను రెండుసార్లు లప్పం పెట్టాను. లోపల నీళ్లున్నాయని ఇద్దరికీ తోచలేదు. పగులు మూసుకుపోయేసరికి తడి పక్కకు, రాతల వైపు పాకింది. ఆ శనివారానికి అది చివరి వరుసకు జానెడు దూరంలో ఉంది.

ఆ సాయంత్రమే మేస్త్రీ బిక్షం వచ్చి చూశాడు. డాబా మీది ట్యాంకు నుంచి దిగే పైపులు కనపడకుండా ఆ గోడ వెనక ఇటుకతో సన్నటి గూడు కట్టి ఉంది. లీకు ఎక్కడుందో తెలియదు కాబట్టి రాతలున్న వంటింటి వైపు నుంచే, పైనుంచి కిందిదాకా పగలగొట్టాల్సిందే అన్నాడు. వచ్చే సోమవారం వీలు కాదని, ఆ పై సోమవారం వస్తానన్నాడు. అలా నాకు తొమ్మిది రోజులు దొరికాయి.

మా బడి సైన్సు సారు జగదీశ్వర్ ఒకసారి స్టాఫ్ రూములో సన్నటి వైరు చూపించాడు. దాని కొసకు పెసరగింజంత కెమెరా, చుట్టూ చిన్న దీపాలు ఉన్నాయి. స్కూటర్లో జారిపోయిన బోల్టును దానితో వెతికి పట్టుకున్నాడట. ఒక మామూలు చీర కంటే తక్కువ ధర. నేనూ ఒకటి తెప్పించాను, శుక్రవారం వచ్చింది. వైరు రెండో చివరనున్న డబ్బాయే వైఫై ఇస్తుంది కాబట్టి వైరు ఒకచోట, ఫోను ఒకచోట ఉన్నా బొమ్మ కనిపిస్తుంది. శనివారం బడి నుంచి వచ్చాక బిందెలోకి, బీరువా కిందికి దించి చూశాను. మరీ దగ్గరైతే బొమ్మ అలుక్కుపోతుందని తెలిసింది. ఎంత లోతు దిగిందో తెలియడానికి జానకొకటి చొప్పున వైరుకు ఎర్ర టేపు చుట్టాను. ఎన్నో నెలల తరువాత ఆ రాత్రి మరునాటి కోసం ఎదురుచూస్తూ పడుకున్నాను.

ఆదివారం పొద్దున, మా ఆయనతో గనిలో పనిచేసిన నర్సింగం వచ్చాడు. అతను కూడా పంపు ఫిట్టరే, ఆయన కంటే రెండేళ్లు చిన్న. పంపుల మోతకు చెవులు సగం పోయాయి. డాబా మీద గూడుకు మూత తీసి వైరు అతను దించాలి, కింద వంటింట్లో ఫోను నేను చూడాలి. పిలిస్తే అతనికి వినపడదు. దానికి దారి అతనే చెప్పాడు, బాయిలో, అంటే గనిలో, మనుషుల్ని దించి లేపే గంటల లెక్క.

“బాయిల లెక్క గంటలు పెట్టుకుందం వదినె. ఒక్కటి కొడితే ఆపుడు, రెండు కొడితే దించుడు. లేపేటందుకు మూడు, అది మన లెక్క.”

అత్తమ్మ అప్పటికే ఇత్తడి పళ్లెం, గంటె పట్టుకొని గోడ దగ్గర కూర్చుంది. గుర్తుంటాయా అని నేను అడిగాను.

“నా కొడుకును ఇరవై ఎనిమిదేండ్లు గా గంటలే దించినయ్, గా గంటలే లేపినయ్. నాకు నేర్పుతున్నవా బిడ్డ?” అన్నది.

రెండు దెబ్బలు కొట్టింది. ఫోనులో ఇటుకలు కదిలాయి. సాలెగూడు, బల్లి గుడ్లు, తుప్పు పట్టిన పైపు వంపు. రోజూ చెయ్యి ఆనించి నడిచే గోడకు అవతలి వైపు ఇలా ఉంటుందని నాకెప్పుడూ తెలియదు. అత్తమ్మ ఫోను మీదికి వంగి, పళ్లెం సంగతి మరిచిపోయింది. ఆపమని చెబితే తడబడి మళ్లీ రెండు కొట్టింది. కెమెరా ఇంకా దిగిపోయింది. ఫోనంతా బురద రంగు.

“ముంచినవ్ కదవ్వా” అని, చేతిలో వైరు వదులైన నర్సింగం పైనుంచి నవ్వాడు. తన చెవులే నయమన్నాడు.

ఒక జాన పైకి లేపించాను. కింద నిలిచిన నీళ్లు కనిపించాయి. చూస్తుండగానే వాటి మీద ఒక గుండ్రటి అల లేచి విచ్చుకుంది. తరువాత ఇంకొకటి. అలకూ అలకూ మధ్య నాలుగు అంకెలు లెక్కపెట్టాను. చుక్క ఎక్కడో పైనుంచే పడుతోంది. మూడు కొట్టమన్నాను.

నర్సింగం పైనుంచి టేపులు గట్టిగా లెక్కపెడుతూ లాగాడు. ఇంకా మూడు టేపులే లోపల ఉన్నాయనగా ఏదో మెరిసింది.

“ఒక్కటి, అత్తమ్మా.”

ఈసారి సరిగ్గా కొట్టింది. కెమెరా ఊగి నిలబడింది. ఎప్పుడో తీసేసిన సోలార్ హీటరు పైపుకు మిగిలిన నోరు అది. దానికి కట్టె బిరడా, బిరడా చుట్టూ నల్లటి రబ్బరు, రబ్బరు మీద వరసగా చుట్టిన తీగ. దాని అంచున ఒక చుక్క లావెక్కుతోంది.

నర్సింగాన్ని కిందికి రప్పించి చూపించాను. ఫోను దగ్గరగా పెట్టుకొని చాలాసేపు చూశాడు.

“గిది బొగ్గు మోసే బెల్టు ముక్క. తీగ కొన సూడు వదినె, లోపలికి మడిచిండు, ఎవల చేతికీ గుచ్చుకోవద్దని. సదన్న చేసిందే.”

నాకు గుర్తొచ్చింది. ఆఖరి వారంలో నైటు దిగి వచ్చిన ఒక పొద్దున, ఆయన డాబా మీది నుంచి మోచేతి దాకా తుప్పుతో వచ్చారు. ఏమిటని అడిగితే, ఇప్పటికి ఆపాననీ, ఆదివారం కొత్త ప్లగ్గు తెచ్చి పెడతాననీ చెప్పారు. గూడు చీకట్లో, ఏమీ కనపడకుండా, చేత్తో తడుముతూ కట్టిన కట్టు అది. జూన్ దాకా, తొమ్మిది నెలలు ఆగింది.

నర్సింగం చౌరస్తాకు వెళ్లి అరంగుళం ప్లగ్గు తెచ్చాడు. ట్యాంకు వాల్వు కట్టేసి, అతను డాబా మీద పడుకొని గూడులోకి చెయ్యి దించాడు. నేను పక్కన కూర్చొని అతని కళ్ల ముందు ఫోను పట్టుకున్నాను. తన వేళ్లు తనకే ఫోనులో కనిపిస్తుంటే నర్సింగానికి నవ్వు ఆగలేదు. కట్టు విప్పి బిరడా నా చేతిలో పెట్టాడు. అది తడిగా, బరువుగా ఉంది. కింద నుంచి అత్తమ్మ, అయిందా అని పది సార్లు అడిగింది.

ప్లగ్గు బిగిసింది. వాల్వు తిప్పాం. నేను కిందికి పరుగెత్తాను. వీధి దాకా వినపడేలా మెట్లు దిగానని అత్తమ్మ తరువాత చెప్పింది. నర్సింగం కెమెరాను మళ్లీ నీళ్ల దాకా దించాడు. ఇద్దరం ఫోను మీదికి వంగాం. నాలుగు లెక్కపెట్టాను. అల లేదు. నలభై లెక్కపెట్టాను. నాలుగు వందలు లెక్కపెట్టాను. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

నేను చెప్పకముందే అత్తమ్మ గంటె ఎత్తి, పళ్లెం మీద ఒక్కటి కొట్టింది.

బిక్షానికి ఫోను చేసి రావద్దన్నాను. “నా పని తీసేస్తివి టీచరమ్మా” అని నవ్వాడు.

గోడ ఆరుతోంది. చివరి వరుస, దాని నాలుగు గీతలు అలాగే ఉన్నాయి. బిరడాను, సున్నం పెళ్ళను నా పెన్సిలు డబ్బాలో పెట్టాను. రాలిపోయిన చోట గోడ ఖాళీగా ఉంది. అక్కడ ఏముండేదో నాకు అక్షరం అక్షరం తెలుసు. దాన్ని ఇంకా తిరిగి రాయలేదు.