సీసాలో చెమ్మ

మా తమ్ముడి బావమరిదిని అందరూ పిల్లి అనేవాళ్ళు. గనిలో దీపం ఆరిపోయినా గోడ తడుముకోకుండా నడిచొచ్చేవాడట. పైకప్పు కూలిన రోజు మాత్రం రాలేదు. శవం కూడా దొరకలేదు. ఆ తర్వాత గని మూసేసి పంపులు ఆపేశారు. లోపలంతా నీళ్ళు నిండిపోయాయి. వాడెక్కడున్నాడంటే వాడి అక్క, మా మరదలు, నేలవైపు చూస్తుంది.

వాడు మిగిల్చింది ఒక రాయి. కూలడానికి ముందు గోడలోంచి పెకలించి, "బావా, దీని రంగు చూడు, పసిపిల్ల చెంపలా లేదూ?" అంటూ, అదే గనిలో పనిచేసే తమ్ముడి అన్నం క్యారియర్‌లో పడేశాడు. గని బురదతో సహా అది కుళాయి పక్కన కొట్టుగదిలో అలాగే ఉండిపోయింది. వాడు పోయాక తమ్ముడు తీసి చూస్తే, మీద లేత గులాబీ రంగు సూదులు కుచ్చులు కుచ్చులుగా మెరుస్తున్నాయి.

అందులోంచి ఒక చిన్న ముక్కను రాళ్ళు పరీక్షించే మేడం దగ్గరికి పట్టుకెళ్ళాం. కొన్నాళ్ళకి ఆవిడే కబురు పెట్టింది. తమ్ముడు, మరదలు, నేను ముగ్గురం వెళ్ళాం.

"గోటితో గీస్తే గీత పడుతోంది, అంత మెత్తన. పొరలుగా విడిపోతోంది. కాలిస్తే వెల్లుల్లి వాసన. అంటే ఇందులో ఆర్సెనిక్ ఉంది, మీరు పాషాణం అంటారే, అదే. ఆర్సెనేట్లనే ఖనిజాల జాతి. గులాబీ రంగు కాస్త కోబాల్టు కలవడం వల్ల. నీళ్ళు కూడా చాలా ఉన్నాయి" అంది.

"రాయిలో నీళ్ళేంటమ్మా?" అన్నాను.

"రాయి కట్టుబడిలోనే ఉంటాయండీ, పిండిలో కలిసిన నీళ్ళలాగా. ఎక్స్‌రేలో చూస్తే తెలిసిన ఏ ఖనిజంతోనూ కలవడం లేదు. కానీ ఒక్క ముక్కతో తేల్చలేం, అదీ పరీక్షల్లో అయిపోయింది. మిగతాది వచ్చే నెల తీసుకురండి. కొత్తదని తేలితే పేరు పెట్టాలి."

తమ్ముడు ముందుకి వంగాడు. "మనిషి పేరు పెట్టొచ్చా మేడం?"

"పెడుతుంటారు."

"అయితే పిల్లి అని..."

"చాల్లెండి, రాయికి పిల్లి పేరేంటి!" అని మరదలు నవ్వుతూనే కసిరింది. "మా తమ్ముడికి అమ్మానాన్న పెట్టిన పేరుంది." వాడు పోయాక ఆవిడ నవ్వగా చూడ్డం అదే మొదటిసారి.

బయల్దేరేటప్పుడు మేడం, "విషం, పిల్లల చేతికి అందకుండా పెట్టండి" అని హెచ్చరించింది.

ఇంట్లో పిల్లల చెయ్యి పడని చోటు ఒక్కటే, దేవుడి అలమార. తమ్ముడు బురదంతా కడిగి, రాయిని గాజు సీసాలో వేసి మూత బిగించి, దీపం పక్కన పెట్టాడు. "ఇంతకంటే భద్రమైన చోటేముంది అన్నయ్యా?" అన్నాడు. నాకూ అదే అనిపించింది. పొద్దునా సాయంత్రం దీపం వెలిగించేటప్పుడు ఆ రాయిని కూడా తల్చుకుని దండం పెట్టేవాణ్ణి. పేరొస్తే ఆ పేరు ఎక్కడో అక్కడ రాసి ఉంటుంది. సమాధి లేనివాడికి అదైనా ఉంటుంది.

ఒకరోజు సీసా మెడలో నీటిచుక్కలు కనిపించాయి.

"చూడండి బావగారూ, చెమ్మ పట్టింది. పాడైపోతుందేమో" అంది మరదలు. మూత తీసి, మెత్తటి గుడ్డతో లోపలంతా తుడిచింది. అప్పటినుంచి రోజూ తుడుస్తూ ఉంది. ఆరాలని మూత తీసే ఉంచేది. ఎంత శ్రద్ధగా అంటే, జ్వరమొచ్చిన బిడ్డ నుదురు తుడిచినట్టు. చుక్కలు రావడం ఆగిపోయినప్పుడు, "హమ్మయ్య, ఆరింది" అంది.

చెప్పిన నెలకి తీసుకెళ్తే, మేడం సీసాని కిటికీ దగ్గర పట్టుకుని చూసింది. సూదుల మెరుపు లేదు. తెల్లగా, సున్నం రాలినట్టు ఉంది. సీసాని బల్లమీద పెట్టింది.

"దీన్ని ఎక్కడ పెట్టారు?"

తమ్ముడు చెప్పాడు. మరదలు, తను రోజూ తుడిచిన సంగతీ చెప్పింది, దాచకుండా.

"అవి బయటి చెమ్మ కాదమ్మా, రాయిలో నీళ్ళే. దీపం వేడికి బయటికొచ్చాయి. తడిగా, చల్లగా ఉంచమని నేను చెప్పాల్సింది." ఆవిడ గొంతు తగ్గింది. "ఇప్పుడిది అందరికీ తెలిసిన ఖనిజమే. ఇదివరకు ఏమై ఉండేదో రుజువు చెయ్యలేను."

"మళ్ళీ తడిపితే?" అన్నాడు తమ్ముడు.

"పోయింది తిరిగి రాదండీ."

"గనిలో ఇంకా ఉంటుందిగా!" అని తనే అనేసి, తనే తల దించుకున్నాడు.

ఇల్లు చేరాక మరదలు ఆ సీసాని మళ్ళీ అదే చోట పెట్టింది. ఇంకెక్కడ పెట్టాలో తెలియక కాబోలు.

సాయంత్రం అగ్గిపుల్ల గీసి, అలాగే నిలబడిపోయాను. నేను అడిగింది పెద్ద కోరికేం కాదు, ఒక పేరు. అడుగుతూ వెలిగించిన దీపమే దాన్ని కాల్చేసింది. ఇందులో స్వామి తప్పుందని అనను. ఒప్పేమిటో కూడా నాకు తెలియలేదు. పుల్ల వేలిదాకా కాలి ఆరిపోయింది.

వెనక నుంచి మరదలు గొంతు వినిపించింది.

"వెలిగించండి బావగారూ. ఇంక దానికేమవుతుంది?"

ఇంకో పుల్ల గీశాను.