బాబాయి బాగుందన్న ఖర్బూజా

వీధి చివర పండ్లూ కూరగాయలూ అమ్మే ఆవిడను అందరూ కొట్టక్క అనే పిలుస్తారు. ఆమె దగ్గర పండు కొనాలంటే ముందు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ఎప్పుడు తింటారు? ఇవాళే అంటే ఒక పండు, ఎల్లుండి అంటే ఇంకో పండు. తొడిమ దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి మరీ ఇస్తుంది. మేమే ఏరుకుంటాం అని ఎవరైనా చెయ్యి చాపితే, నొక్కి పాడు చెయ్యొద్దని కసురుతుంది. ఎంత కసిరినా జనం ఆ కొట్టుకే వెళ్తారు. ఎల్లుండికని ఆమె ఇచ్చిన పండు సరిగ్గా ఎల్లుండికే పండుతుంది మరి.

ఆ కొట్టుకు రోజూ వచ్చే డ్రైవరు బాబాయికి ఈమధ్య ఒక అనుమానం పట్టుకుంది. ఆయన బస్సు నడిపి రిటైరైన మనిషి. పొద్దున్నే సంచీ పుచ్చుకుని వచ్చి ఏ కాయ ఏ తోటది, నిరుటికంటే ముందే ఎందుకు కాసింది, ఈ మచ్చ ఎండకు వచ్చిందా పురుగుకు వచ్చిందా అని ఆరా తీయడమే ఆయనకు కాలక్షేపం. కొనేది గుప్పెడు బీన్స్, అడిగేది బుట్టెడు ప్రశ్నలు. ఇదివరకు ఆయన్ని చూస్తేనే కొట్టక్క విసుక్కునేది. అలాంటిది, జ్వరమొచ్చి కొట్టు మూసి మళ్ళీ తెరిచినప్పటి నుంచీ ఎదురొచ్చి పిలుస్తోంది. కొత్త సరుకు రాగానే ఒక పండు కోసి, మొదటి ముక్క ఆయన చేతిలో పెట్టి, ఎలా ఉందని మొహంలోకి చూస్తోంది. తను మాత్రం నోట పెట్టడం లేదు.

ఎందుకు పెడుతున్నట్టు? రాలిన కాయను కూడా ఊరికే ఇచ్చే మనిషి కాదే. తనతో ఏదైనా పని పడిందా? ఏమైనా దాస్తోందా? ఈ ప్రశ్నలు ఆయన బుర్ర తొలిచేస్తున్నాయి. ఆమెనే అడిగేస్తే పోయేది, కానీ మొహమాటం. కాయల గురించి ఎన్ని ప్రశ్నలైనా వేస్తాడు గానీ మనిషిని ఒక్క ప్రశ్న అడగలేడు. పెట్టిన చేతిని నొప్పించడం అంతకన్నా చేతకాదు. చేదైనా పులుపైనా ఆయన నోట వచ్చేది ఒక్కటే మాట, బాగుంది. ఉప్పు మరిచిన కూరను మెచ్చుకునే మనిషి మెప్పు కూడా ఒక మెప్పేనా అనుకుని, వంట ఎలా ఉందని ఆయన భార్య ఆయన్ని అడగడం ఎప్పుడో మానేసింది. పాపం, ఆ సంగతి కొట్టక్కకు తెలియదు.

ఇంతలో ఖర్బూజాల కాలం వచ్చింది. పండ్ల వ్యాపారి ఒక బండి నిండా కాయలు తెచ్చి కొట్టు ముందు ఆపాడు. కొట్టక్క ఒకటి కోసి బాబాయికి ముక్క ఇచ్చింది. తింటున్నది దోసకాయేమోనని ఆయనకు ఒక్క క్షణం సందేహం కలిగింది. కానీ ఎదురుగా ఇద్దరు మనుషులు ఆశగా తన నోటి వంకే చూస్తున్నారు.

"బాగుందమ్మాయ్. తేనే అనుకో," అన్నాడు.

ఆమె బండి మొత్తం దింపించుకుంది.

ఇక చూడండి. కొన్నవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు తిరిగొచ్చారు. పక్కవీధి దర్జీ ఆవిడైతే సగం కోసిన కాయ తెచ్చి బల్ల మీద పెట్టి, వాసన చూసే ఇచ్చావా అని అందరి ముందూ అడిగింది. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే కొట్టక్క తల దించుకుంది. పెద్దరోడ్డు మీద అద్దాల తలుపుల పండ్ల దుకాణం ఉండగా జనం ఈ ఇరుకు కొట్టుకు వస్తున్నది ఆమె మాట మీద నమ్మకంతోనే. అది పోతే కొట్టుకు తాళమే.

బాబాయి వచ్చేసరికి కొట్లో ఎవరూ లేరు. ఆమె వెనక గది గుమ్మం దగ్గర కూర్చుని బీన్స్ ఏరుతోంది. గదిలోంచి పాలు మాడుతున్న వాసన ఘాటుగా వస్తోంది. లేస్తుందేమోనని ఆయన చూశాడు. ఆమె తాపీగా ఇంకో గుప్పెడు తీసుకుంది.

"అమ్మాయ్, పాలు మాడుతున్నాయి."

ఆమె లేచి పరిగెత్తింది. నల్లబడ్డ గిన్నెతో తిరిగొచ్చి, ఆయన మొహం చూసి, ఇక దాచి లాభం లేదనుకుంది.

"జ్వరం పోతూ పోతూ ముక్కునీ నాలుకనీ పట్టుకుపోయింది బాబాయ్. మళ్ళీ రావచ్చట, రాకపోవచ్చట. ఎవరికీ చెప్పలేదు. వాసనే తెలియనిదాని దగ్గర పండ్లెవరు కొంటారు? మీరు అన్నీ పట్టి పట్టి అడుగుతారు కదా, మీ నోరు తప్పు చెప్పదనుకున్నా. నిజం చెప్పండి, ఆ కాయ బాగుందా?"

ఆయన ఇన్నాళ్ళూ తెలుసుకోవాలని తహతహలాడింది తెలిసింది గానీ, తెలియకపోయినా బాగుండుననిపించింది.

"లేదమ్మా. చప్పగా ఉంది. మొహమాటానికి అన్నాను."

ఆమె మాడిన గిన్నె కింద పెట్టింది. "మీ మొహమాటానికి నా కొట్టు పోతుంది బాబాయ్," అని మళ్ళీ బీన్స్ ముందు కూర్చుంది. ఆయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఏమీ కొనకుండానే ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు కొట్టు తెరవకముందే వచ్చి నిలబడ్డాడు. ఆమె పలకరించలేదు, పొమ్మనలేదు. వ్యాపారి ద్రాక్ష తెచ్చాడు. ఆమె ఒక గుత్తి తీసి, మాట్లాడకుండా బాబాయి ముందుంచింది. వ్యాపారి నవ్వుతూ, బాబాయికి నచ్చకపోవడం కూడానా అన్నాడు. బాబాయి ఒక పండు నోట్లో వేసుకున్నాడు. బాగుంది అన్న మాట అలవాటుగా పళ్ళ దాకా వచ్చింది. దాన్ని పండుతో పాటు మింగేశాడు.

"పుల్లగా ఉన్నాయి. వద్దమ్మా."

వ్యాపారి మొహం మాడిపోయింది. రెండ్రోజులుంచితే తియ్యబడతాయన్నాడు. కోశాక ద్రాక్ష తియ్యబడదని కొట్టక్క అతనికి గుర్తు చేసి, గుత్తి వైపు చూడనైనా చూడకుండా తీసుకెళ్ళమంది. మొన్న ముంచిన నోటినే ఇవాళ నమ్మింది.

వ్యాపారి గొణుక్కుంటూ పీచ్ పండ్ల బుట్ట దింపాడు. బాబాయి ఒకటి కొరికి, నిదానంగా నమిలాడు.

"ఇది బాగుంది," అన్నాడు.

జన్మంతా అన్న మాటే అయినా, మొదటిసారి అంటున్నట్టు భయమేసింది. ఆమె బుట్టలన్నీ దింపమంది. అతను బండి దగ్గరకు వెళ్ళగానే ఒక పండు తీసి కొరికింది. రసం గడ్డం మీదుగా కారింది.

"మెత్తగా ఉంది. చల్లగా ఉంది. నాకు తెలిసేది ఇంతే," అంది. "మిగతాది మీరు చెప్పండి బాబాయ్."

ఆయన ఇంకో ముక్క కొరికాడు. "ముందు తీపి. తొక్క దగ్గర చిన్న పులుపు. వాసనేమో..." అని ఆగి, మాట కోసం వెతుక్కున్నాడు.

"తొందరేం లేదు," అంది ఆమె కళ్ళు మూసుకుని, నములుతూ.