మసకబారిన లింగం

"నువ్వు దేవున్ని ముట్టినవా, ముట్టలేదా? ఒక్కటే మాట చెప్పు."

జొన్నపిండి తడుపుతున్న సాయలి చెయ్యి ఆగిపోయింది. దేవుడి గూటి ముందు అత్తగారు జనాబాయి నిలబడి ఉంది. ఆమె అరచేతిలో స్ఫటిక లింగం. పోయిన శ్రావణంలో కొడుకు అమోల్ తమ పూజాసామాన్ల దుకాణం నుంచి తెచ్చినప్పుడు గడ్డకట్టిన నీళ్లలా తళతళలాడింది. ఇప్పుడు ఆవిరి పట్టిన అద్దంలా ఉంది.

"ముట్టలేదత్తమ్మా."

"మరి గిట్లెట్లయింది? పోయిన వారం నువ్వు బయట కూసున్నవు. గప్పుడే గూట్లె చెయ్యి వెట్టి ఉంటవ్. అంటు తాకితె స్ఫటికం సచ్చిపోతదని మా అత్త చెప్తుండె."

అమోల్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. లింగాన్ని చూశాడు, ఆశ్చర్యపోలేదు. "నౌకరీ పేరు మీద అంతట తిరిగి ఇంట్లకస్తది. ఇంకేమైతది అవ్వా?" అని భార్య వైపు తిరిగాడు. "ఇగ బంద్ చెయ్. ఐతారం మాహూర్ పోయి రేణుకమ్మ గుడిల శాంతి చేపిద్దాం. కాలేజీకి ఇయ్యాల్నే ఫోన్ చేసి ఇగ రానని చెప్పు. నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?"

జవాబు కోసం ఆగకుండా వరండాలోకి వెళ్లిపోయాడు.

సాయలి మళ్లీ పిండి కలపసాగింది. పొద్దున నీళ్లు, గిన్నెలు, టిఫిన్ డబ్బాలు, ఇత్తడి సామాను. అవన్నీ ముగించి ఆటో పట్టుకుంటే కాలేజీలో రాళ్ల మ్యూజియం. అక్కడ ఆమె పని రాళ్లకు పేర్లు పెట్టడం. క్వారీల నుంచి, బావుల తవ్వకాల నుంచి వచ్చిన ప్రతి రాయినీ రెండు ప్రశ్నలు అడగాలి. నువ్వు దేనితో తయారయ్యావు? నీ లోపల పరమాణువులు ఏ వరసలో కూర్చున్నాయి? రంగునూ మెరుపునూ నమ్మకూడదు. స్ఫటికమంటే క్వార్ట్జ్; ఆరు పలకలుగా పెరుగుతుంది, గాజులా పగులుతుంది. కాల్సైట్ సున్నపురాయి జాతి. పక్కకు నెట్టిన అగ్గిపెట్టెలా వాలుగా పగులుతుంది. సానబెడితే రెండూ నీళ్లలాగే ఉంటాయి. ఎం.ఎస్సీ. చదివిన సాయలి వాటిని విడదీసి చెబితే, రాయి ముందు పెట్టే కార్డు మీద 'గుర్తించినవారు' అన్నచోట విభాగాధిపతి తన పేరు రాయిస్తాడు. "సర్దడం ఆడవాళ్లకే బాగా వస్తుంది మేడమ్" అంటాడు ఊరి భాష మరాఠీలో, మెచ్చుకుంటున్నట్టు. అయినా ఆ గదిలో రాయికైనా రెండు ప్రశ్నల మర్యాద ఉంది. ఈ ఇంట్లో ఆమెను ఏ ప్రశ్నా అడగకుండానే పేరు పెట్టేశారు, అంటు అని.

ఉన్నట్టుండి ఆమెకు మారేడాకు గుర్తొచ్చింది.

లింగం తెచ్చిన రోజు, దాని వెనకున్న మారేడాకు కాడ రెండుగా కనిపించింది. కాల్సైట్‌లోంచి చూస్తేనే ఒకటి రెండవుతుంది. "ఇది స్ఫటికం కాదేమో" అంటే, "ఇంట్ల లెక్చర్ వద్దు" అన్నాడు అమోల్.

ఆమె చూపు గూటి కిందికి జారింది. ఇత్తడి పళ్లెం, పక్కనే పిండిన నిమ్మచెక్క. ప్రతి సోమవారం జనాబాయి ఆ చెక్కతోనే పళ్లేలు తోముతుంది. దేవుడూ మెరవాలని అదే చెక్కతో లింగాన్నీ రుద్దుతుంది.

సాయలి చేతులు కడుక్కుని నిమ్మచెక్క అందుకుంది.

"అత్తమ్మా, లింగాన్ని జర వంచుండ్రి. ముట్టను."

అడుగున ఒక్క చుక్క పిండింది. సన్నటి బుడగలు లేచాయి. జనాబాయి కళ్లు పెద్దవయ్యాయి.

"ఇది స్ఫటికం కాదు, కాల్సైట్. పులుపు తాకితె కరుగుతది. అసలు స్ఫటికాన్ని నిమ్మకాయ ఏం చెయ్యలేదు."

"అంటె... నేనే పాడు చేసిన్నా?"

"మీరు కాదు. స్ఫటికమని మీకు చెప్పినోళ్లు."

వరండాలోంచి అమోల్ గొంతు వినిపించింది. ఫోన్‌లో ఎవరో గిరాకీ.

"కుండల్‌వాడి నుంచేనా? చెప్పు అన్నా. ఏందీ, లింగం మసకవడ్డదా? మా మాలు నంబర్ వన్ అన్నా. మీ ఇంట్ల ఆడోళ్లు అంటుల ఉన్నప్పుడు ముట్టిండ్రేమో, అడుగుండ్రి." నవ్వాడు. "ఊకె అడిగితె చెప్పరు. గట్టిగ అడుగుండ్రి."

అత్తాకోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. అమోల్‌కు తెలుసు. మొదటినుంచీ తెలుసు. ఈ క్షణాన కుండల్‌వాడిలో ఏ కోడలి చెయ్యి పిండిలో ఆగిపోయిందో! ఇంకా ఎన్ని ఊళ్లలో, ఎన్ని ఇళ్లలో!

బండి వెళ్లిన చప్పుడైంది. జనాబాయి లింగాన్ని గూట్లో పెట్టింది. తర్వాత పిండి గిన్నె తన ముందుకు లాక్కుని కూర్చుంది.

"రొట్టెలు నేను చేస్త. నువ్వు పో."

వజీరాబాద్ బజారులో అమోల్ దుకాణం అప్పుడే నిండుతోంది. మాహూర్ వెళ్లే తెలంగాణ యాత్రికులు నలుగురు గాజు షోకేసు ముందు నిలబడి ఉన్నారు. లోపల వరసగా లింగాలు, ముందు 'అసలు స్ఫటికం' అని కార్డు.

"ఏంది, ఇటచ్చినవ్? కాలేజీకి ఫోన్ చేసినవా?" అన్నాడు అమోల్.

"లేదు. ఇటు నుంచి ఆడికే పోతున్న."

సాయలి షోకేసు తలుపు జరిపింది. ఆ కార్డు తీసేసి, సంచిలోంచి ఖాళీ మ్యూజియం కార్డు బయటపెట్టి, మరాఠీలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాసింది. అమోల్ గల్లా దాటి వచ్చేలోపే యాత్రికుల్లో ఒకామె గట్టిగా చదవడం మొదలుపెట్టింది.

"కాల్సైట్. కాల్షియం కార్బొనేట్. పులుపు తగిలితే మసకబారుతుంది. ఆడవాళ్లు ముట్టుకుంటే కాదు."

కింద, 'గుర్తించినవారు' అన్నచోట, మొదటిసారి సాయలి తన పేరు రాసుకుంది.