టకటక ఆపిన సోమేశ్వరరావు

ఖాజాగూడ బండల పక్కన సోమేశ్వరరావు ద్రాక్షతోట పెట్టిన రెండో వేసవిలో, అంటే డెబ్భై నాలుగులో, ఆయనకూ ఆయన డీజిలు ఇంజనుకూ చెడింది. ఆయనది గుంటూరు వైపు. ముప్పయ్యేళ్లు సర్కారు కొలువు చేసి, పగటినిద్ర తప్ప మరో వ్యసనం లేకుండా రిటైరయ్యాడు. భోజనం చేసి ఆయన నడుం వాల్చే వేళకే బావి గట్టున ఇంజను టకటకమంటూ నీళ్లు తోడేది. దాన్ని నడిపేది నీలమ్మ, ఆ ఊరి మనిషే. ఆ బరువు హ్యాండిల్ తిప్పి ఇంజను అందుకునేలా చేయడం మగవాళ్లలో ఎవరికీ ఆమెలా చేతకాదు.

"ఆ టకటక ఆపలేవా?" అని అడిగాడాయన.

"కొన్నకాడి నుంచి గట్లనే ఉన్నది సారు. మీరే జర దూరం పండుండ్రి."

ఆయన దూరం జరగలేదు. ఇంజనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకంలో బొమ్మ చూసి, ఒక మధ్యాహ్నం పైమూత విప్పాడు. లోపల గాలి వచ్చే దారినీ పొగ పోయే దారినీ మూసి తెరిచే రెండు వాల్వులు, వాటిని నెత్తిన కొట్టే రెండు చిన్న సుత్తుల్లాంటివి కనిపించాయి. సుత్తికీ వాల్వుకూ మధ్య సన్నని సందుంది. చప్పుడు అక్కణ్ణుంచే. స్క్రూలు బిగించి రెండు సందులూ మూసేశాడు. సందు ఎంతుండాలో తర్వాతి పేజీలోనే ఉందిగానీ, ఆయన సర్వీసులో ఏ ఫైలునూ రెండో పేజీ దాకా చదివిన పాపాన పోలేదు.

ఇంజను మెత్తగా నడిచింది. ఆయన గురక మాత్రం తోటంతా వినిపించింది. కంపెనీకి ఉత్తరం రాసి వాళ్ల తప్పు దిద్దుదామని కూడా అనుకున్నాడు.

మూడు వారాలకు ఇంజను తోడే నీళ్లు సగానికి తగ్గాయి. తర్వాత, ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు. ద్రాక్ష ఆకులు వాడుతుంటే రావు నీలమ్మ మీద పడ్డాడు.

"డీజిల్లో కిరసనాయిలు కలిపావు కదూ?"

"నా ఇంట్ల బుడ్డికే కిరసనాయిలు లేదు. మీ ఇంజనుకు ఏడికెల్లి తెస్త?"

"రేపట్నుంచి పనిలోకి రావద్దు."

ఆమె పనిలోకి రాలేదు. బొంబాయి రోడ్డు మీద మదీనాగూడలో లారీలు బాగుచేసే ఎల్లేశం దగ్గరికి నడిచిపోయింది. మర్నాడు అతని సైకిల్ వెనక, ఒళ్లో పనిముట్ల పెట్టె పెట్టుకుని దిగింది.

ఎల్లేశం ఆమెను హ్యాండిల్ మెల్లగా తిప్పమని, పొగగొట్టానికి చెవి పెట్టాడు. తిప్పినప్పుడల్లా లోపల ఫుస్సుమంది.

"గాలి గిట్లకెల్లి పోతున్నది. పొగను బయటికి పంపే వాల్వు మూసుకుంటలేదు."

ఇంజను తల విప్పి ఆ వాల్వు తీశాడు. పుట్టగొడుగు ఆకారంలో ఉంది. దాని అంచు ఒకచోట ఎలుక కొరికిన రొట్టెలా కాలిపోయింది.

"గీ పక్కదానికి లోపటికొచ్చే చల్లగాలన్న తగుల్తది. దీనికి తగిలేదంత మంటనే" అన్నాడు ఎల్లేశం. "కిందున్న పీట మీద గట్టిగ కూసున్నప్పుడే దీని వేడి దిగుతది. వేడికి కాడ పొడుగైతది గద, అందుకే పైన సందు ఇడుస్తరు. సందు లేకుంటే అది పూర్తిగ కూసోదు. ఆ ఇరుకులకెల్లి మంట ఉరికి అంచు తింటది. సందు ఎవరు బిగించిన్రు?"

నీలమ్మ రావును చూసింది. ఆ రోజు ఆయన పైమూత విప్పడం ఆమె బావి అవతల నుంచి చూసింది. ఇప్పుడు ఆయన మీంచి చూపు తిప్పలేదు. ఆ చూపు ఆయనను ఇంజను చప్పుడుకన్నా ఎక్కువ బాధపెట్టింది.

"నేనేనయ్యా" అన్నాడు చివరికి. "నిద్ర పట్టక."

ఎల్లేశం నవ్వాపుకోలేక పెట్టెలో పానా వెతికే నెపంతో తల దూర్చాడు.

"మరి నా కిరసనాయిలు సంగతేంది సారు?" అంది నీలమ్మ.

"అది నోరు జారిన మాట. తప్పయిపోయింది."

"ఇంకోటి. పైమూత ఇప్పే పానా నా దగ్గరుంటది."

ఆయన పానా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

పట్నం నుంచి తెప్పించిన కొత్త వాల్వు అంచుకు గరుకు మందు పూసి, పీట మీద అటూ ఇటూ తిప్పుతూ అరగదీయాలి. ఎల్లేశం చూపించాడు, నీలమ్మ అందుకుంది. రావు కూడా కాసేపు తిప్పి, చేతులూ పంచే నల్లగా చేసుకుని తప్పుకున్నాడు. అంచు చుట్టూ మసకగా ఒకే పట్టీ పడ్డాక, వెనక నుంచి కిరసనాయిలు పోసి చూశారు. చుక్క కారలేదు. రెండు సందుల్లోనూ పుస్తకంలో చెప్పినంత మందం కొలతరేకు పెట్టి, అది కొద్దిగా పట్టి జారేలా బిగించారు. ఇంజను అందుకుంది, టకటకమంది. రావు మంచం బండ అవతలికి మోయించుకున్నాడు.

ఆ వానకాలం గోపన్‌పల్లిలో ఒకరి ఇంజను మొరాయిస్తే, నీలమ్మను పిలవమని ఎల్లేశమే కబురు చేశాడు. రావు తన ఎడ్లబండి మీద ఆమెను తీసుకెళ్లాడు. ఇంజను ఆసామి ఆమెను ఎగాదిగా చూసి, "ఆడమనిషికి ఏం తెలుస్తది?" అని నసిగాడు.

"మీకు మాత్రం ఏం తెలుసండీ?" అన్నాడు రావు. "ఆ హ్యాండిల్ తిప్పండి, ఆవిడ చెవి పెడుతుంది."

నీలమ్మ అప్పటికే పొగగొట్టం దగ్గర వంగింది.