పెదాల మధ్య బిళ్ళ

బజారులో అతణ్ణి అందరూ ముల్లు అంటారు. కాల్లో గుచ్చుకునే ముల్లు కాదు, గడియారంలో సెకండ్ల ముల్లు. ఒక్కచోట కుదురుగా నిలవని మనిషి మరి. వాచీలు, గోడ గడియారాలు, కారు తాళాలకుండే రిమోట్లు బాగుచేయడం అతని పని. ఇంటి ముందు గదే కొట్టు, వెనక గదిలో కాపురం. భార్య ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికేచోట పనిచేస్తుంది. పొద్దున్నే పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రాక. అందుకని ఇల్లూ, ముసలి తల్లీ, కొత్తగా నడక వచ్చిన కూతురూ, ముగ్గురి బరువూ అతని నెత్తిమీదే.

ఇల్లు మనిషిలా నెత్తినెక్కుతుందా అంటే, ఆ ఇంట్లో ఎక్కుతుంది. పైకప్పు కారేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంత జాగ్రత్తగల తండ్రి దీపం పెట్టి వెతికినా దొరకడు. పిల్లకి కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప పట్టడు. టీకా వేయించే రోజు భార్య మరిచినా తాను మరవడు. తుమ్ముతూ వచ్చిన బేరగాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి మాట్లాడతాడు. తల్లికి మోకాళ్ళు పట్టేస్తున్నాయని రోజూ సాయంత్రం సందు చివరిదాకా నడిపిస్తాడు. ఆవిడ మధ్యలో అరుగు చూసి చతికిలబడితే వదలడు.

"ఇంకొక్క చుట్టు అమ్మా, లే."

"నిన్ను కన్నది నేనా, నన్ను కన్నది నువ్వా?" అని ఆవిడ గొణుక్కుంటూ లేచేది.

పిల్లని గిలక అని పిలుచుకునేవారు. నూతిలో చేద వేసినప్పుడు గిలక ఎలా కిచకిచలాడుతుందో, ఆ పిల్ల నోరు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా అలా ఆడేది. అందులో సగం మాటలు ఏ భాషో దానికే తెలియాలి. కొట్టులో బల్ల పక్కన దాన్ని కూర్చోబెట్టుకుని, దాని చేతికి ఒక పాత డబ్బా, రెండు గుడ్డ బొమ్మలు ఇచ్చి అతను పని చేసుకునేవాడు. మేకులు, స్క్రూలు, నూనె సీసాలు అన్నీ పై అరలోనే. పిల్ల చేతికందే ఎత్తులో గుండుసూది కూడా ఉండనిచ్చేవాడు కాదు.

ఇన్ని కట్టుదిట్టాలు చేసినవాడు ఒక్క చోట కన్ను మూసుకున్నాడు. ఆ చోటు అతని నోరు.

రిమోట్లో సెల్లు మార్చేటప్పుడు పాత సెల్లుకీ కొత్త సెల్లుకీ తేడా కంటికి తెలియదు. రెండూ రూపాయి బిళ్ళంత, ఒకేలా మెరుస్తుంటాయి. కలిసిపోతే బేరగాడికి పాతదే మళ్ళీ వేసి పంపే ప్రమాదం ఉంది. అందుకని పని నేర్పిన మేస్త్రీ ఒక పద్ధతి చెప్పాడు: కొత్తది బల్లమీద, పాతది పెదాల మధ్య. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, సెల్లు మారిపోయే ప్రసక్తే లేదు. ఆ మేస్త్రీ నోట్లో పళ్ళకన్నా సెల్లులే ఎక్కువ కాలం నిలిచాయని నవ్వుకునేవారు. ముల్లుకీ అదే అలవాటు. ఒక కంటికి భూతద్దం బిగించి, ఇంకో కన్ను చికిలించి, కింది పెదవి ముందుకు తోసి, మధ్యలో బిళ్ళ పెట్టుకుని వంగి కూర్చునేవాడు.

"ఆ బిళ్ళలేంటండీ నోట్లో? పిల్ల చూస్తోంది," అని భార్య ఎన్నిసార్లు అందో.

"చచ్చిన సెల్లులేనే. పాములో విషం తీసేశాక పాముంటే మాత్రం ఏంటి?"

"పాముతో మీరు ఆడుకోండి, పిల్లకెందుకు నేర్పడం?"

"రేపట్నించి మానేస్తాలే," అనేవాడు. ఆ రేపు గోడ మీద రాసిన రేపే.

ఆ రోజు టాక్సీలు తిప్పే ఒకాయన రిమోట్లన్నీ సంచీలో వేసి తెచ్చాడు. మధ్యాహ్నం తల్లికి అన్నం పెట్టి, పిల్లకి కొంచెం తినిపించి, ముల్లు పనిలోకి దిగాడు. ఇంతలో గుమ్మంలోకి ఒకావిడ వచ్చి, తన గోడ గడియారం బాగుచేయించుకుని పట్టుకెళ్ళినా మళ్ళీ ఆగిపోయిందని గొడవ వేసుకుంది. నోట్లో బిళ్ళ పెట్టుకుని జవాబు చెప్పలేడు కదా. తీసి పక్కనున్న ముక్కాలి పీట అంచున పెట్టాడు. ఆవిడతో వాదించి, గడియారం తెరిచి చూపించి, నచ్చజెప్పి పంపేసరికి చాలాసేపు పట్టింది. తరువాత చేతికందిన ఇంకో రిమోట్ తీసుకున్నాడు. పీట మీద పెట్టినది తలపులోకే రాలేదు.

వెనక పిల్ల ఒకసారి గట్టిగా దగ్గింది. వెనక్కి తిరిగి చూశాడు. మళ్ళీ దగ్గి, నోరు తుడుచుకుని, డబ్బా మూత పట్టుకుంది. పొలమారిందిలే అనుకున్నాడు.

కాసేపటికి కొట్టులో ఏదో తక్కువైనట్టనిపించింది. ఏమిటా అని చూస్తే, పిల్ల మాట్లాడడం లేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మెడ కాస్త ముందుకు చాచి కూర్చుంది. గవును ముందంతా చొంగతో తడిసిపోయింది.

"అమ్మా, ఒకసారి ఇటు రావూ," అని కేకేశాడు.

ముసలావిడ వచ్చి మనవరాలి గడ్డం ఎత్తి చూసింది. "పళ్ళొస్తున్నాయిరా. నీకూ ఇలాగే కారింది. కుండ పెట్టాల్సొచ్చింది."

"పళ్ళొస్తే మాట పోతుందా?"

"గొంతు పట్టి ఉంటుంది. గోరువెచ్చటి పాలు పట్టు."

పాలు తెచ్చాడు. గ్లాసు పెదాలకి తాకగానే గిలక తల తిప్పేసింది. పాలంటే ప్రాణం విడిచే పిల్ల. బలవంతాన ఒక గుక్క పోస్తే అది మింగలేదు, బయటికే వచ్చేసింది. ఏడ్చింది. ఎండిన తలుపు బందు కదిలినట్టు, గీరుకుపోయిన గొంతు.

"ఏదన్నా అడ్డం పడిందేమోరా. అరటిపండు ముద్ద చేసి మింగించు, దాంతోపాటు దిగిపోతుంది," అంది తల్లి, పండు వలుస్తూనే.

"ఏం అడ్డం పడుతుంది? దాని దగ్గర ఏం లేదు. నేను ఏమీ ఉంచను," అన్నాడు ముల్లు. ఆ మాట అతను నిజమనుకునే అన్నాడు. పండు మాత్రం పెట్టనివ్వలేదు. ఎందుకో చెప్పలేడు, చేతులు వద్దన్నాయి. పిల్లని భుజాన వేసుకుని, కొట్టు తెరిచినది తెరిచినట్టే వదిలి, ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయాడు.

అక్కడ జనం తిరునాళ్ళలా ఉన్నారు. జలుబు రోజులు కావడంతో ప్రతి ఒళ్ళోనూ ఒక ముక్కు కారే పిల్లో పిల్లాడో. చీటీ రాసే నర్సు తలెత్తకుండానే అడిగింది.

"ఏంటి పాపకి?"

"గొంతు బొంగురు పోయింది, పాలు తాగట్లేదు, చొంగ కారుతోంది."

"జ్వరం?"

"లేదు."

"కూర్చోండి, పిలుస్తాం."

కూర్చున్నాడు. పిల్లని ఒళ్ళో పెట్టుకుని దాని వీపు నిమురుతున్నాడు. అతని భయానికి ఇంకా మొహం లేదు. చీకట్లో పురుగు పాకినట్టు ఎక్కడో పాకుతోంది గానీ ఏ పురుగో తెలియదు. జలుబే అయ్యుంటుంది, జలుబే, అని మనసులో జపం చేస్తున్నాడు. పిల్ల అతని చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. దారం వదులుగా ఉందేమో, గుండీ ఊడి దాని చేతిలోకి వచ్చేసింది.

గిలక ఆ గుండీని అటూ ఇటూ తిప్పి చూసింది. తరువాత తెచ్చి పెదాల మధ్య పెట్టుకుంది. కింది పెదవి ముందుకు తోసింది. ఒక కన్ను చికిలించింది. తల వంచి, తన ఒళ్ళో ఏదో రిమోట్ ఉన్నట్టు, వేళ్ళతో సుతారంగా విప్పడం మొదలుపెట్టింది.

పక్క కుర్చీలో ఉన్నావిడ ఫక్కున నవ్వింది. "ఏం పని చేస్తోందండీ మీ పాప? పెద్ద మేస్త్రీలా ఉందే!"

ముల్లుకి నవ్వు వినబడలేదు. కళ్ళ ముందు ముక్కాలి పీట కనబడింది. దాని అంచు కనబడింది. అంచున తాను పెట్టినది కనబడింది. మళ్ళీ తీసినట్టు ఎంత తవ్వుకున్నా గుర్తులేదు. పిల్ల పెదాల మధ్య నుంచి గుండీ లాగేసి, దాన్ని ఎత్తుకుని, వరసలో ఉన్నవాళ్ళని తోసుకుంటూ నర్సు బల్ల దగ్గరికి పరుగెత్తాడు.

"వరస ఉంది సార్, వెనక్కెళ్ళండి," అంది నర్సు.

"అమ్మా, పిల్ల సెల్లు మింగింది. బిళ్ళ సెల్లు. రిమోట్లో వేసేది."

నర్సు కలం వదిలేసింది. "మింగడం చూశారా?"

"చూడలేదు. అయినా మింగింది. నా నోట్లోదే. నేను నోట్లో పెట్టుకుంటాను. అది నన్ను చూసి..."

"తరవాత ఏమైనా పెట్టారా? పండు గానీ, అన్నం గానీ?"

"పాలు పట్టబోతే కక్కేసింది. అంతే."

నర్సు చటుక్కున లేచింది. అంత జనాన్నీ దాటించి, లోపలికి తీసుకుపోయి, పిల్లకి ఎక్స్‌రే తీయించింది. డాక్టరమ్మ ఆ ఫిల్ము వెలుతురుకి పెట్టింది. సన్నటి పక్కటెముకల మధ్య, మెడకి కాస్త దిగువన, తెల్లటి గుండ్రం. దాని అంచు చుట్టూ ఇంకో సన్నటి గుండ్రం. ఎన్ని వేల సెల్లులు చూశాడో! చీకట్లో చూపించినా గుర్తుపడతాడు.

"పాతదేనండీ, చచ్చిన సెల్లు," అన్నాడు, అదేదో ఆశ అయినట్టు.

"కారు తాళానికి చచ్చిందేమో. గొంతులో తడి తగిలితే అది ఇంకా కాలుస్తుంది," అంది డాక్టరమ్మ. ఆవిడ గొంతులో కోపం లేదు, తొందర ఉంది. "అన్నవాహికలో ఇరుక్కుంది. వెంటనే మత్తిచ్చి గొట్టంతో తీయాలి. ఎంత కాలిందో లోపలికి వెళితే గానీ తెలియదు. సంతకం పెట్టండి. పాప అమ్మకి ఫోన్ చేయండి."

సంతకం పెట్టాడు. పిల్లని చక్రాల మంచం మీద తోసుకుపోతుంటే అది అతని వైపు చేతులు చాచింది. ఏడవబోయింది, గొంతు రాలేదు. నోరు తెరుచుకుని, శబ్దం లేకుండా ఏడుస్తూనే తలుపు అవతలికి వెళ్ళిపోయింది.

భార్యకి ఫోన్ చేశాడు. అవతల ఉతికే యంత్రాల హోరు.

"ఏంటండీ ఈ వేళప్పుడు?"

చెప్పాడు. దాచడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి అంతా చెప్పాడు.

"ఏ ఆసుపత్రి?" అంది. అంతే.

వచ్చింది. హోటలువాళ్ళ ఏప్రనుతోనే వచ్చింది, చేతులు సబ్బునీళ్ళకి ముడతలు పడి ఉన్నాయి. వరండాలో అతని ఎదుట నిలబడింది. ఎప్పుడూ మీరు అని తప్ప పిలవని మనిషి.

"నువ్వు నేర్పావు," అంది.

అతను తల దించుకున్నాడు.

"మాట నేర్పావు, నడక నేర్పావు, చెయ్యి కడుక్కోవడం నేర్పావు. ఇదీ నేర్పావు."

"తిట్టవే. ఇంకా తిట్టు."

"తిడితే నీకు బాగుంటుంది. నేను తిట్టను."

బల్ల మీద అతనికి దూరంగా కూర్చుంది. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఖాళీ. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరూ ఒక్కసారే లేచేవారు. ఎవరో బట్టల మూట పట్టుకుపోయేవారు, ఎవరో ఖాళీ చేతులతో వచ్చేవారు. ఇద్దరూ మళ్ళీ కూర్చునేవారు. ఎదురుచూసే వాళ్ళకి కాలం కుంటుతుందంటారు. ముల్లుకైతే కాలం పూర్తిగా ఆగిపోయింది, అతని చేతికి బాగుచేయడం రాని ఆగిపోవడం.

"అత్తయ్య ఒక్కతే ఉందా?" అని అడిగింది భార్య చాలాసేపటికి.

"పక్కింటి వదినకి చెప్పాను. కొట్టు మూసి, అమ్మకి తోడుంటానంది."

"పొద్దుటి మాత్ర వేసుకుందా?"

"వేసుకుంది."

భార్య ఏప్రను విప్పి, మడిచి, మధ్యనున్న ఖాళీలో పెట్టింది.

డాక్టరమ్మ ముసుగు దించుకుంటూ బయటికి వచ్చింది. "బిళ్ళ వచ్చేసింది," అంది. భార్య చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. "అప్పుడే సంతోషపడొద్దమ్మా. గోడ కాలింది. పైపైనే అనుకుంటున్నాను గానీ, చిల్లి పడలేదని నమ్మకం కుదరాలి. ఈ రాత్రికి సెలైనే. రేపు మళ్ళీ ఫోటో తీసి, బాగుంటే చెంచాడు నీళ్ళు పట్టి చూస్తాం. ఆ తరవాత కూడా కొన్ని వారాలు కనిపెట్టి ఉండాలి. లోపల మానేటప్పుడు దారి ఇరుకు కావచ్చు. రక్తం కక్కినా, మింగలేకపోయినా, క్షణం ఆగకుండా తీసుకురండి."

"ఇంకా ముందే తెచ్చుంటే?" అన్నాడు ముల్లు.

ఆవిడ అతని మొహం చూసింది. "ఏం మింగిందో చెప్పి తెచ్చారు. చాలామందికి అదే తెలియదు," అని లోపలికి వెళ్ళిపోయింది. అది ఓదార్పో కాదో అతను తేల్చుకోలేకపోయాడు.

మర్నాడు ఎండ కిటికీలోకి బాగా వచ్చాక నర్సు చిన్న గ్లాసుతో నీళ్ళు, ఒక చెంచా తెచ్చింది. గిలక దిండుకి ఆనుకుని కూర్చుంది. చేతికి సెలైను సూది కట్టు, కళ్ళు లోపలికి పోయాయి. నీళ్ళు చూడగానే ముందుకు వంగింది.

"నాన్న పడతాడా?" అంది నర్సు.

ముల్లు వెనక్కి తగ్గాడు. "వాళ్ళమ్మ పడుతుందిలెండి."

"పట్టండి," అంది భార్య. ముందురోజు వరండాలో నువ్వు అన్నాక, అతనితో మళ్ళీ మీరు అన్నట్టు మాట్లాడడం అదే మొదలు. "అది మిమ్మల్నే చూస్తోంది."

చెంచా ఎత్తాడు. పిల్ల పెదాలకి అందించాడు. నీళ్ళు నోట్లోకి వెళ్ళాయి. గిలక నోరు మూసింది. కనుబొమలు ముడిచింది. ఆ పసి మెడలో చిన్న కదలిక, కిందికి, ఇంకా కిందికి. మొహం నొప్పితో ముడుచుకుపోయింది. ముగ్గురూ ఆ మెడనే చూస్తున్నారు. బయటికి ఏమీ రాలేదు.

నీళ్ళు దిగాయి.

గిలక గ్లాసు కోసం చెయ్యి చాచింది. "ఇప్పటికి చాలు బంగారం," అని నర్సు గ్లాసు పక్కకి తీసింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. గీరుకుపోయిన గొంతే గానీ, గొంతు ఉంది. కట్టులేని చేత్తో తండ్రి మొహం మీద టపటపా కొట్టింది.

"ఏడవనీండి," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ. "ఏడవడానికి ఓపిక వచ్చింది."

సాయంత్రానికి ఇంకో చెంచా ఇచ్చారు, ఆ పైన ఇంకోటి. ముల్లు మంచం పక్కనే కూర్చుని దాని మెడ వైపే చూస్తున్నాడు. అది మింగేదాకా తానూ గుటక వేయడు. అది మింగాక, తానూ మింగుతాడు.