గుట్ట మీది పెట్టె

బుచ్చయ్య తాతను నేను బతిమాలింది ఒక రోజా, రెండు రోజులా! కొండపాక పక్క గుట్టల్లో ఆయన గొర్లు మేపుతాడు. తోడేలు బొరియ ఎక్కడుందో ఆయనకు తెలుసు. వన్యప్రాణి సంరక్షణ సంఘం తరఫున జీపేసుకుని తిరిగే నాకు తెలియదు. చివరికి ఒక పొద్దున బండల మధ్యకు తీసుకెళ్లి వేలితో చూపించాడు. బొరియ ముందు నాలుగు కూనలు ఒకదాని మీద ఒకటి పడి ఆడుకుంటున్నాయి.

"మా బాపు నాకు తప్ప ఎవ్వలకు చూపలే, త్రివేణీ. ఏటా రెండు గొర్లు వీటి పాలే. మల్లన్న దేవుని కుక్కలని ఊకుంటం. నువ్వు గూడ ఎవ్వలకు చెప్పకు బిడ్డా."

"చెప్ప తాతా. ఒట్టు."

నిజంగానే ఎవరికీ చెప్పలేదు. అంతకన్నా ఘనకార్యం చేశాను. ఢిల్లీ ఆఫీసు నియమం ప్రకారం ఎదురుగా ఉన్న వేపచెట్టుకు కెమెరా పెట్టెను గొలుసుతో కట్టి, తాళం వేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

సిద్దిపేటలో పుట్టినదాన్ని, నాకైనా తట్టాలి కదా. జీపులో వచ్చిన ఆఫీసరమ్మ ఎవరూ పోని బండల్లో పెట్టెకు తాళం వేసి, వారానికోసారి వచ్చి చూసి పోతుంటే జనం ఏమనుకుంటారు? కింద లంకెబిందెలున్నాయనుకుంటారు. అదే అనుకున్నారు.

మూడోసారి వెళ్లేసరికి బొరియ లేదు, నిలువెత్తు గొయ్యి ఉంది. చుట్టూ పసుపు, కుంకుమ, కోసిన నిమ్మకాయలు, పగిలిన కొబ్బరికాయ. తవ్వినవాళ్లు పూజ మాత్రం శ్రద్ధగా చేశారు. మట్టికుప్ప కింద నాలుగు కూనలూ దొరికాయి. కంచే చేను మేయడమంటే ఇదే. బండ మీద కూలబడి ఏడ్చాను.

పెట్టె మాత్రం భద్రంగా ఉంది. అందులోని ఫొటోల్లో మొహాలకు తువ్వాళ్లు చుట్టుకున్న ముగ్గురు మనుషులు. వాళ్ల తర్వాత తల్లి. నోట్లో మాంసం ముక్కతో గొయ్యి అంచున నిలబడింది. మూడు రోజులు అట్లాగే వచ్చింది.

తాత నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కూనలను గొంగడిలో చుట్టి తీసుకెళ్లి పూడ్చాడు.

వారానికి ఆఫీసు నుంచి ఫోను. ఇంకో బొరియ దొరక్కపోతే ఇక్కడి పని ఎత్తేస్తారట. అంటే నా ఉద్యోగం కూడా. సిగ్గు విడిచి మళ్లీ తాత దగ్గరికే పోయాను.

"తాతా, ఇంకేడనన్న ఉన్నయా?"

ఆయన చూపు ఉత్తరం దిక్కు గుట్ట మీదికి పోయి, చప్పున వెనక్కొచ్చింది.

"యాడియి బిడ్డా? గవే ఆఖరు."

ఆయన అబద్ధమాడటం నేను చూడటం అదే మొదటిసారి. మాట పూర్తయ్యాక కూడా నా మొహంలోకి చూడలేదు. నేను జీపులో కూర్చుని, రిపోర్టులో 'వేరే బొరియలు లేవు' అని రాసి సంతకం పెట్టాను. తోడేళ్ల కోసం ఈ ఉద్యోగంలో నేను చేసిన మంచిపని అదొక్కటే.