కెమెరా వెనక గొంతు

చెల్లెలి పెళ్లిరోజున టీవీ ముందు కుర్చీలు వేయగానే, ఆవిడ అందరికంటే ముందొచ్చి మధ్య కుర్చీలో కూర్చుంది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చునే మనిషి కాదు. ఆ ఇంట్లో ఏం జరిగినా కెమెరా పట్టుకుని అందరికీ వెనక నిలబడేది. పిల్లలైతే ‘కెమెరా పెద్దమ్మ’ అని పేరే పెట్టేశారు. ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు ఎక్స్‌రేలు తీసింది. పెళ్లి మాట తలపెట్టలేదు. చెల్లెలి ఇంట్లోనే ఓ గదిలో సర్దుకుపోయింది. చెల్లెలి కూతురు బోర్లా పడ్డప్పటి నుంచి కాలేజీలో చేరేదాకా ముప్ఫై ఒక్క క్యాసెట్లు నింపింది.

ఆ క్యాసెట్లన్నీ ఇప్పుడు ఆ కూతురే పట్టుకెళ్లి కంప్యూటర్లోకి ఎక్కించుకొచ్చింది, అమ్మానాన్నలకి కానుకగా. ఆ మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి ఆవిడకి కాలు నిలవలేదు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి గొంతూ లేదు. మూడేళ్ల కిందట గొంతులో పుండుకి ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. అప్పటి నుంచి మెడకి ఒక గుడ్డ, చేతిలో ఒక నోటుపుస్తకం. తన గొంతు ఎలా ఉండేదో తనకే మరుపు వస్తోంది. అది మిగిలింది ఆ క్యాసెట్లలోనే.

టీవీలో బొమ్మ పడింది. చిన్నపిల్ల తప్పటడుగులు వేస్తోంది. వేణువు మీద ఏదో పాట వస్తోంది. పాట తగ్గుతుందని ఆవిడ ఎదురు చూసింది. తగ్గలేదు. పుట్టినరోజు, వానలో గెంతులు, స్కూలు నాటకం, అన్నిటి మీదా అదే వేణువు. మనుషులు పెదాలు కదుపుతున్నారు, మాట వినపడదు.

ఆవిడ పుస్తకం తీసి రాసింది: "మాటలు ఏవీ?"

"అబ్బ, నీ గోల పెద్దమ్మా!" అని నవ్వింది కూతురు. "ఎక్కడ చూసినా నువ్వే. ఊపిరి బిగపట్టు, కదలకు, ఇటు తిరుగు... అక్కడికి మేమంతా నీ పేషెంట్లం. చెవులు హోరెత్తిపోయాయి. అందుకే సౌండ్ తీయించి మ్యూజిక్ పెట్టించా."

అందరూ నవ్వారు. మరిదికైతే పొలమారింది కూడా.

ఆవిడ మళ్లీ రాసింది: "క్యాసెట్లు?"

"పాత సామాన్ల వాడికి ఇచ్చేశా. మన దగ్గర ప్లేయరే లేదుగా!"

చెల్లెలికి విషయం అర్థమైంది. ముఖం చూస్తే తెలిసిపోయింది. అయినా అక్క మోకాలి మీద చెయ్యేసి, "తెలీక చేసిందిలే అక్కా. ఈ పూటకి ఏమనకు" అంది మెల్లగా.

ఏమనాలన్నా ఆవిడకి కాగితం కావాలి. పుస్తకం మూసేసింది.

మర్నాడు పొద్దున్నే క్యాసెట్లు ఎక్కించిన షాపు వెతుక్కుంటూ వెళ్లింది. నెరిసిన మీసాల టీవీ మెకానిక్ ఒకాయన, విప్పేసిన ప్లేయర్ల మధ్య కూర్చుని ఉన్నాడు. ఆవిడ రాసింది చదివి తల గోక్కున్నాడు.

"నేను చెప్పానమ్మా ఆ అమ్మాయికి. క్యాసెట్లో ఉన్నది ఉన్నట్టుగా ముందొక పెద్ద ఫైలు తీస్తాం. గంటకి పదమూడు జీబీ దాకా వస్తుంది. దాన్ని ముట్టుకోకుండా దాచుకోవాలి. చూసుకోడానికి దాన్నుంచి చిన్నది, ఎంపీఫోర్, చేసుకోవాలి. చిన్నదే చాలు, పెద్దది పెట్టుకోడానికి చోటు లేదంది."

ఆవిడ రాసింది: "పెద్దవి మీ దగ్గర ఉన్నాయా?"

"పదిహేను రోజులు ఉంచుతా. మొన్న గురువారం చెరిపేశా." అంటూ తలెత్తి, ఆవిడ మెడ మీది గుడ్డ అప్పుడే చూశాడు. "ఆ గొంతు... మీదేనా అమ్మా?"

ఆవిడ తలూపింది. ఆయన ఉన్న పని పక్కన పెట్టి మధ్యాహ్నం దాకా ఆ ఫైళ్లున్న డిస్కుని గాలించాడు. చెరిపిన చోట ఎవరిదో పెళ్లి వీడియో ఎక్కి కూర్చుంది. ఇంక లాభం లేదన్నాడు.

ఆవిడ గడప దాటుతుంటే వెనక్కి పిలిచాడు. "ఒక్కటి మాత్రం బూజు పట్టిందని ఎక్కించలేదు. వదిలేయండి అంది ఆ అమ్మాయి. పారేశానో లేదో చూస్తానుండండి."

పారేయలేదు. పెట్టె విప్పి, టేపుని జానెడు జానెడు తుడిచి, వేరే పెట్టెలోకి మార్చడానికి రెండు రోజులు పట్టింది. మూడో రోజు కబురు చేశాడు. యాభై నిమిషాల్లో పదకొండు దక్కాయి.

ఆవిడ హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ముందు గరగర, ఆ తర్వాత గొంతు. ఇంత సన్నటి గొంతా తనది! పరాయి ఆడమనిషి ఎవరో మాట్లాడుతున్నట్టుంది. చెల్లెలి కూతురు, అప్పటికి ఆరేళ్లది, చెయ్యి చాపి, "నువ్వు కూడా రా పెద్దమ్మా" అంటోంది. "నేనొస్తే తీసేదెవరే?" అంటోంది గొంతు. అంతలో వెనకనుంచి మరిది: "వదినా, ఆ కెమెరా అవతల పెట్టి కాస్త టీ పెట్టు." గొంతు నవ్వి, "వస్తున్నా, వస్తున్నా" అంది.

ఆవిడ అక్కడే ఆపించింది. ఆ నవ్వు మళ్లీ మళ్లీ వేయించుకుంది. పిలవగానే అంత సంబరంగా పలికిన మనిషిని లెంపకాయ కొట్టాలనిపించింది. అయినా అదే తన గొంతు, ఇంకొకటి లేదు.

"పెద్ద ఫైలు, చిన్న ఫైలు రెండూ చేస్తా. రెండు డిస్కుల్లో పెట్టుకోండి" అన్నాడు మెకానిక్. "ఒకటి మీ ఇంట్లో, ఒకటి ఇంకెవరింట్లోనైనా. ఏడాదికోసారి తెరిచి చూసుకోండి."

ఇంకెవరిల్లు? ఎంత ఆలోచించినా తెలిసిన వాళ్లంతా ఆ ఒక్క ఇంట్లోనే ఉన్నారు. చివరికి ఆసుపత్రికి వెళ్లి, ఒకప్పుడు తను పని నేర్పిన ఎక్స్‌రే అమ్మాయి చేతిలో ఒక డిస్కు పెట్టింది. ఆ అమ్మాయి ఒక్క ప్రశ్న వేయకుండా తన బీరువాలో పెట్టి తాళం వేసింది.

వారం తిరక్కుండానే చెల్లెలి కూతురికి తెలిసిపోయింది. "నా చిన్నప్పటిది దొరికిందటగా! నాకు పంపవూ?" అంటూ గదిలోకొచ్చింది.

ఆవిడ మళ్లీ షాపుకెళ్లి ఇంకో కాపీ చేయించింది. ఏం చేయాలో రాసిస్తే మెకానిక్ రెండుసార్లు చదివాడు. "నిజంగానేనా అమ్మా?" అన్నాడు. ఆవిడ తలూపింది. అందులో ఆయన సౌండ్ మొత్తం తీసేశాడు.

కూతురు సోఫాలో కూర్చుని ఫోన్లో చూసుకుంది. చెయ్యి చాపి పిలుస్తున్న పిల్లని చూసి, "ఎంత ముద్దుగా ఉన్నానో!" అని మురిసింది. మొగుడికి చూపించింది, తల్లికి చూపించింది. ఆవిడ ఎదురుగా కూర్చుని, ‘మాట వినపడదేం?’ అని అడుగుతుందేమోనని చూసింది. ‘ఎవర్ని పిలుస్తున్నాను?’ అన్నా చాలు, చేతిసంచిలో ఉంచుకున్న, సౌండ్ తీయని రెండో పెన్‌డ్రైవ్ తీసిచ్చేసేది. కూతురు ఇంకోసారి చూసుకుని, ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి లేచి వెళ్లింది.

ఆ నెలాఖరుకి ఆవిడ ఆసుపత్రి వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకుంది. "పాత క్యాసెట్ల కోసం ఇంత పంతమా వదినకి!" అన్నాడు మరిది. చెల్లెలు గుమ్మం దాకా వచ్చి, "ఎందుకక్కా ఇదంతా?" అని ఏడ్చింది. సమాధానం రాయడానికి ఆవిడ పుస్తకం తెరవలేదు. ఆటోలో కూర్చుని, వెళ్లమని డ్రైవర్ భుజం తట్టింది.